దాటవేసిన పుటలు



గత శ్రీరామనవమి దినములలో మా యింట మధ్యాహ్నవేళ రామాయణపఠనము సాగినది. రావణవధయైన పిదప శ్రీరాముడు సీతాదేవితో పరుషవాక్యము లాడిన ఘట్టము రాగా, మేము మెల్లగా కొన్ని పుటలు త్రిప్పి పట్టాభిషేకమునకు వచ్చితిమి. "అత్తయ్యగారూ, సీతమ్మవారు నిప్పులో ప్రవేశించిన కథ చదువలేదేమి?" అని పొరుగింటి బాలిక యడిగినది. మాకు సిగ్గు కలిగినది.

ఈ సంకటము మన పూర్వులకును గలిగినదే. భవభూతి మహాకవి ఉత్తరరామచరితమున, ఎడబాసిన దంపతులను తుదకు కలిపెను. రావణుడు గొనిపోయినది ఛాయాసీతయే యనియు, అసలు సీత అగ్నియందు భద్రముగా నుండెననియు అధ్యాత్మరామాయణము చెప్పినది. మన మొల్ల యుద్ధకాండముతోనే కావ్యమును ముగించినది గావున సీతాపరిత్యాగమును చెప్పవలసిన పని లేకపోయెను. ఉత్తరకాండము తరువాత చేరినదని పలువురు పండితులు వాదించిరి. కాని అగ్నిప్రవేశము యుద్ధకాండములోనిది; ఆ వాదము దానిని తొలగింపజాలదు.

స్వామికి నింద రాకూడదను భక్తియే యిట్టి యుపాయములకు పెక్కింటికి మూలము. దానిని మేము చులకన చేయము. అయితే ఆ పుటలలో రాముని మాటలే గాక సీత యుత్తరమును గలదు. సామాన్యుడు సామాన్యస్త్రీతో పలికినట్లు పలుకుచున్నావేమనియు, కొందఱి నడతను జూచి స్త్రీజాతి నెల్ల శంకించుట తగునా యనియు, హనుమంతుని పంపిననాడే యీ మాట యేల చెప్పింపలేదనియు ఆమె నిలదీసినది. వాల్మీకి దీనిని దాచలేదు. రాముని కొఱకై మనము పుట దాటితిమేని సీత నోరు మూసినవారమగుదుము. బాధపడినది నీడయే యన్నచో, ఆ ప్రశ్నకు బలమెక్కడిది? ఆ ప్రశ్న నేటికిని చల్లారలేదు. సీతను మరల పలికించిన ఓల్గాగారి 'విముక్త' కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

మరునాడు మేము వెనుకకు పోయి ఆ ఘట్టమును పూర్తిగా చదివితిమి. వినుచున్న పెద్దలు కొందఱు కన్నీరు పెట్టుకొనిరి. "రాములవారు తప్పు చేసినారా?" అని బాలిక మరల నడిగినది. "సీతమ్మవారును అదే యడిగినదమ్మా" అంటిమి. అంతకుమించిన సమాధానము మాకు తోచలేదు.

మీ యింటి పిల్లలు అడిగినపుడు పుటలు త్రిప్పకుడు. తెలియనిచోట తెలియదనుట భక్తికి లోపము గాదు.