మాజీ సైనికుల సంఘంలో సభ్యత్వ నమోదు: పశ్చిమ గోదావరి జిల్లా కలెక్టర్‌కు బహిరంగ లేఖ



మాజీ సైనికుల గ్రామ సంఘానికి సభ్యత్వమే బలం. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్లారు. అలాంటి ఊళ్లలో సభ్యత్వ నమోదు తేలికనిపిస్తుంది. తేలిక కాదు.

సిపాయి చాలావరకు నలభై ఏళ్లకు అటూఇటుగానే విరమణ పొంది, రెండో ఉద్యోగం కోసం ఊరు విడుస్తాడు. అందుకే సంక్రాంతికి అందరూ ఇళ్లు చేరే వారం నమోదుకు అనువైనది. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు చూసి పేరు రాసుకోవడం ఒక పూట పని. అసలు కష్టం వితంతువుల దగ్గర వస్తుంది. పెళ్లి వివరం సర్వీసు రికార్డుల్లోకి ఎక్కకపోయినా, పేరులోనో పుట్టిన తేదీలోనో తేడా ఉన్నా కుటుంబ పెన్షన్ చిక్కుల్లో పడుతుంది. భర్త బతికి ఉండగా రికార్డును దిద్దించడం సులభం. తర్వాతైతే ఆమె ఒంటరిగా కార్యాలయాల చుట్టూ తిరగాలి. కనుక భార్య పేరు రికార్డుల్లో ఉందా అన్న ప్రశ్న నమోదు పత్రంలో మొదటి వరుసలోనే ఉండాలి. చందా సంగతి తర్వాత. వితంతువులను చందా అసలు అడగకపోవడమే న్యాయం.

జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షులు కలెక్టరే కనుక ఈ పనికి మీ సహకారం కావాలి. నమోదు రోజుల్లో గ్రామ సచివాలయంలో ఒక గది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి ఒక ఉద్యోగి ఉంటే గుర్తింపు కార్డు దరఖాస్తులు, రక్షణ పెన్షన్ల స్పర్శ్ పోర్టల్‌లో సవరణలు, మాజీ సైనికుల వైద్య పథకంపై సందేహాలు అక్కడే తేలతాయి. సాయుధ దళాల పతాక దినోత్సవమైన డిసెంబరు 7న ఈ ఏర్పాట్లపై ఉత్తర్వు వెలువడితే, సంక్రాంతిలోగా ఊరూరా చాటింపు వేయడానికి నెల రోజుల వ్యవధి దొరుకుతుంది.