నాయకుడంటే బోర్డు మీద పేర్లు రాసేవాడా?

"నవలలు చదివితే నాయకులవుతారా? కట్టుకథలు మాని వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు చదవండి" అంటారు పెద్దలు. నేను ఒప్పుకోను. ఆ పుస్తకాలు చాలావాటిలో నాయకుడంటే గెలిచినవాడే. అతని పక్కన చెమటోడ్చినవాళ్ల పేర్లు కనబడవు. అవి చదివి మనం కూడా క్లాస్ లీడర్ అంటే మార్కులు ఎక్కువ వచ్చినవాడు, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేవాడు అనుకుంటున్నాం.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాసిన 'మాలపల్లి' నవల 1922లో అచ్చయింది. అందులో సంగదాసు కూలీల పక్షాన నిలబడతాడు. భూస్వామి చౌదరయ్య చేతిలో ప్రాణం పోగొట్టుకుంటాడు. మామూలు హీరో కథైతే అక్కడితో అయిపోవాలి. ఇక్కడ అలా కాదు. సంగదాసు పోయినా అతని పని ఆగదు, మిగిలినవాళ్లు అందుకుంటారు. తాను లేకపోయినా నడిచే పని మొదలుపెట్టినవాడే నాయకుడని నాకు ఈ నవల నేర్పింది. ఏ విజయగాథా నేర్పలేదు.

కట్టుకథే కదా అంటారా? ఉత్త కట్టుకథైతే ఆనాటి మద్రాసు ప్రభుత్వం దాన్ని ఎందుకు నిషేధించింది? నవలకున్న బలం దొరలకు తెలిసింది, మనకు తెలియదా?

యానాం అగ్రహారంలో ఉంటూ 'మాలపల్లి' చదవమంటున్నాను. పేరు వినగానే మొహం చిట్లించేవాళ్లే ముందు చదవాలి. లైబ్రరీ పీరియడ్‌ని లెక్కల క్లాసుకి ఇచ్చేయకండి. పుస్తకాల బీరువా తాళం తియ్యండి సార్. వచ్చే ఏడు క్లాస్ లీడర్‌ని ఎన్నుకునేటప్పుడు మార్కులు కాదు, వెనక బెంచీ వాడి తరఫున ఎవరు లేచి మాట్లాడారో చూద్దాం.