ఎర్ర రంగు వేసింది మనమే

మా పిన్ని కూతురికి పదిహేనేళ్ళు. టైప్ 1 డయాబెటిస్. చేతికి సెన్సార్, ఫోన్లో ఆప్. ఐదు నిమిషాలకోసారి షుగర్ అంకె వస్తుంది, పిన్ని ఫోన్లో కూడా. 180 దాటితే స్క్రీన్ ఎర్రబడుతుంది. వెంటనే పిన్ని ఫోను: "ఏం తిన్నావే?"

మొన్న ఆ పిల్ల సెన్సార్ పీకేసింది. "అన్నయ్యా, రోజూ పరీక్షే, రోజూ ఫెయిలే" అంది. ఇంట్లో అందరూ మొండిపిల్ల అన్నారు. నన్నడిగితే మొండితనం ఆ ఆప్ రాసినవాడిది. అంటే మనదే!

ఈ వయసులో హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. ఏ తప్పూ చెయ్యకపోయినా అంకె పెరుగుతుంది. మన ఎర్ర రంగుకి ఆ సంగతేం తెలుసు?

షుగర్ 55కి పడితే అలారం మోగాల్సిందే, అర్ధరాత్రయినా అమ్మ లేవాల్సిందే. కాదనను. కానీ 190కీ అదే గోలా?

2013లో అమెరికాలో జాన్ కోస్టిక్ అనే ఇంజనీరు, నాలుగేళ్ళ కొడుకు షుగర్‌ని ఆఫీసు నుంచి చూసుకోడానికి కోడు రాసుకున్నాడు. నైట్‌స్కౌట్ దాన్నుంచే పుట్టింది. నాలుగేళ్ళవాడికి అది అండ. పదిహేనేళ్ళ పిల్లకి అదే నిఘా. యూజర్ పెరిగింది, మన రిక్వైర్‌మెంట్లే పెరగలేదు.

టీనేజర్లలో డయాబెటిస్ తెచ్చే దిగులుని కొలవడానికి పెయిడ్-టి అనే ప్రశ్నావళి ఉంది. దాన్ని ఆప్‌లో పెట్టండి. జవాబులు చదవడానికి ఓ మనిషిని పెట్టండి. చాట్‌బాట్ తగిలించి చేతులు దులుపుకోకండి. ఏ అంకె ఎవరికి కనబడాలో ఆ పిల్లనీ ఒక మాట అడగండి.

ఇదేమన్నా రాకెట్ సైన్సా? రెండు స్ప్రింట్ల పని!