కారులో కీచురాయి

మా ఇంట్లో ఒక మారుతీ 800 ఉంది. 2004 లో మా నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి కొన్నారు. ఆయన వెళ్ళిపోయారు, కారు మిగిలింది. ఆ కార్ల తయారీ 2014 లోనే ఆగిపోయింది. "అమ్మేసి కొత్తది కొనరాదుటండీ?" అని కాలేజీలో తోటివాళ్ళు సలహా చెబుతూనే ఉంటారు. ఆ మాట మా అమ్మ చెవిన పడకుండా నేను జాగ్రత్తపడుతూనే ఉంటాను.

ఈ మధ్య దానికొక జబ్బు పట్టుకుంది. బ్రేకు తొక్కితే చాలు, కీచుమంటుంది. మా వీధి మలుపులో నేను బ్రేకు వేస్తే, ఇంట్లో మా ఆవిడ కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టేది. అంచేత మొదట్లో ఈ రోగం నాకు సౌకర్యంగానే ఉండేది. ఒకరోజు వెనకసీట్లోంచి అమ్మ, "కారులో కీచురాయి దూరిందిరా అబ్బాయ్" అంది. నేను నవ్వి, రేడియో గొంతు కాస్త పెంచాను. ఇది నేను చేసిన మొదటి తప్పు.

రెండో తప్పు చెయ్యబోయి తప్పించుకున్నాను. తలుపు బందు కిర్రుమంటే నూనె చుక్క వేస్తాం గదా, దీనికీ వేస్తే సరి అన్నారు ఎదురింటాయన. నాకూ సబబుగానే తోచింది. నూనె డబ్బా పట్టుకుని చక్రం పక్కన చతికిలబడ్డాను. ఇంటర్ చదివే మా అమ్మాయి వచ్చి, "బ్రేకు పనిచేసేదే రాపిడితో గదా నాన్నా! నూనె పోస్తే ఇంక రాపిడి ఎక్కడిది?" అంది. ఎం.ఏ. తెలుగు మారుమాటాడకుండా డబ్బా లోపల పెట్టేసింది.

ఆ వచ్చే సోమవారం అమ్మను శ్రీశైలం తీసుకువెళ్ళాలని అనుకున్నాం. దోర్నాల దాటితే ఘాటు రోడ్డు. "ఏమండీ, ఆ కీచురాయి సంగతేదో తేలేదాకా నేనూ రాను, పిల్లా రాదు, అత్తయ్యగారినీ పంపను" అంది మా ఆవిడ. చేసేది లేక శనివారం పొద్దున్నే విజయవాడ ఆటోనగర్‌లో, నాన్నగారి కాలం నుంచీ మా కారు చూస్తున్న మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను.

ఆయన పనిముట్టు ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు వేశాడు.

"ఎప్పుడు అరుస్తుంది మాస్టారూ? పొద్దున్న తీసినప్పుడు మాత్రమేనా, రోజంతానా?"

మంచుకో వానకో డిస్కు మీద పల్చగా తుప్పు పడుతుందట. నాలుగుసార్లు బ్రేకు వేస్తే అది రాలిపోయి అరుపు ఆగుతుంది. దానికి మందు అక్కర్లేదు.

"రోజంతా" అన్నాను.

"బ్రేకు తొక్కకపోయినా అరుస్తుందా? కీచుమంటుందా, గరగరమంటుందా?"

ధ్వన్యనుకరణ పదాల మీద పాఠం చెప్పే నేను అక్కడ విద్యార్థినై నిలబడ్డాను. ఆయన నిఘంటువులో ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అర్థం ఉంది. కీచుమంటే ప్యాడ్లు గట్టిపడి నున్నగా మెరుగెక్కి ఉండవచ్చు, దుమ్ము చేరి ఉండవచ్చు, లేదా అరిగి ఉండవచ్చు. గరగరమంటే లైనింగు పూర్తిగా పోయి ఇనుము ఇనుమును కోస్తోందన్నమాట. బండి అక్కడే ఆపెయ్యాలి. తొక్కకుండానే అరిస్తే ప్యాడు డిస్కును వదలడం లేదని అర్థం.

అసలీ కీచు ఎందుకొస్తుందో నల్లబల్ల ముందు నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. సుద్దముక్క బల్లను పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఈ పట్టువిడుపులు సెకనుకు వెయ్యిసార్లకు పైగా జరిగితే అదే కీచు. బ్రేకులోనూ అంతే. ప్యాడు అదిరితే డిస్కు గంటలా మోగుతుంది. సుద్ద అరిస్తే మేం సగానికి విరిచి రాస్తాం. మేస్త్రీలు ప్యాడు అంచులు కాస్త ఏటవాలుగా రుద్దుతారు.

జాకీ పెట్టి ముందు చక్రాలు విప్పాడు. కుడివైపు ప్యాడ్లు బాగానే ఉన్నాయి. ఎడమవైపు లోపలి ప్యాడు తీసి నా అరచేతిలో పెట్టాడు. లైనింగు అట్టముక్క మందాన ఉంది. దాని పక్కన చిన్న ఉక్కు రేకు, కొస మెరుస్తోంది.

"మీకు వినపడింది ఇదే మాస్టారూ. లైనింగు బాగా అరిగితే ఈ రేకు డిస్కుకు తగిలి అరుస్తుంది. అరవడానికే పెట్టారు దీన్ని."

నా నోట మాట రాలేదు. నెలరోజులుగా అది నాతో మొరపెట్టుకుంటూంటే నేను రేడియో పెంచాను. ఆ అట్టముక్కను నమ్ముకుని అమ్మనూ ఆలుబిడ్డల్నీ ఘాటు దింపబోయాను.

ఒక్క ప్యాడే ఎందుకు అరిగిందని అడిగాను. కాలిపరు జారే పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయిందట. దాంతో లోపలి ప్యాడు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంది. కొన్నాళ్ళుగా బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం, ఎడమ చక్రం వేడెక్కడం అందుకేనట. అవి తగ్గకుండా ఉత్త ప్యాడ్లు మార్చి పంపితే ఆర్నెల్లలో మళ్ళీ ఇదే పాట.

పిన్నులు శుభ్రంచేసి, వేడికి తట్టుకునే ప్రత్యేకమైన గ్రీజు రాశాడు. ఆ గ్రీజు పిన్నులకే, ప్యాడు ముఖానికి చుక్క తగలకూడదు. ప్యాడ్లు రెండు చక్రాలకూ కలిపే మార్చాడు. ఒక పక్కే మారిస్తే బండి సమంగా ఆగదు. వెనక డ్రమ్ముల్లో దుమ్మును నోటితో ఊదబోయిన కుర్రాణ్ణి కసిరాడు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిపించాడు.

తాళాలిస్తూ మూడు మాటలు చెప్పాడు. ప్యాడ్లు మార్చాక బండి కదిలించక ముందే పెడలు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి; లేకపోతే మొదటి తొక్కుకు బ్రేకు పడదు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు హఠాత్తుగా ఆపకుండా మెల్లగా అలవాటు చెయ్యాలి. లైనింగు 3 మిల్లీమీటర్లకు దిగితే, అది అరిచేదాకా ఆగకుండా మార్చెయ్యాలి.

కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా ఆగి, శ్రీశైలం ప్రయాణం రెండు వారాలు వాయిదా వేశాం. ఘాటు దిగేటప్పుడు బ్రేకు మీదే భారం వెయ్యకుండా రెండో గేరులో దిగాను. ఎక్కడా చప్పుడు లేదు. "కీచురాయి ఎగిరిపోయిందిరా" అంది అమ్మ.

మర్నాడు కాలేజీ నుంచి ఇంటికొచ్చి కూర్చున్నాను. కాఫీ జాడ లేదు. అరగంటకు మా ఆవిడ గదిలోంచి తొంగిచూసి, "అయ్యో, మీరెప్పుడొచ్చారండీ?" అంది.