ఊపిరితిత్తికే కీమో.. ఆశ ఎంత? ఆధారం ఎంత?

క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందనగానే ‘ఇక ఆపరేషన్‌ ప్రసక్తే లేదు’ అనుకుంటారు చాలామంది. ఇది అన్నిసార్లూ నిజం కాదు. ముఖ్యంగా ఎముకలు, కండరాలు, కొవ్వులో పుట్టే సార్కోమాల్లో. ఒంట్లో తిరిగొచ్చే రక్తమంతా ఊపిరితిత్తుల గుండా వెళ్లాల్సిందే. దాంతో విడివడిన క్యాన్సర్‌ కణాలు తరచూ అక్కడి సన్నటి రక్తనాళాల్లోనే చిక్కుకుంటాయి. ఇతర అవయవాలకు జబ్బు పాకకుండా, గడ్డలు కొద్దిగానే ఉంటే సర్జన్లు వాటిని తీసేస్తారు.

చిక్కల్లా కనిపించని వాటితోనే. స్కాన్‌లో తేలినవి, చేతికి తగిలినవి మాత్రమే తీయగలరు. మిగిలిన నలుసులు కొన్ని నెలలకు మళ్లీ పెరుగుతాయి. 5,206 మంది వివరాలతో 1997లో వెలువడిన అంతర్జాతీయ రిజిస్ట్రీలో, గడ్డలన్నీ తీసేసిన వారిలో అయిదేళ్లు జీవించినవారు 36 శాతమే.

మరి కీమో? సార్కోమాకు వాడే డాక్సోరుబిసిన్‌ గుండెను దెబ్బతీస్తుంది. అందుకే జీవితకాలంలో చదరపు మీటరుకు 450-550 మిల్లీగ్రాములు మించనీయరు.

ఊపిరితిత్తికి మాత్రమే మందు పట్టించాలన్న ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది. ఆపరేషన్‌ సమయంలో ఒకవైపు ఊపిరితిత్తికి రక్తం తెచ్చే ధమనినీ, తీసుకెళ్లే సిరలనూ ఒంటి రక్తప్రసరణ నుంచి వేరుచేస్తారు. గొట్టాలు అమర్చి, పంపుతో మందు కలిపిన ద్రవాన్ని ఆ ఊపిరితిత్తిలోనే తిప్పుతారు. రెండోది శ్వాస సంగతి చూసుకుంటుంది. చివర్లో మందును కడిగేసి, రక్తనాళాలను మళ్లీ కలుపుతారు. గడ్డలను సర్జన్‌ తీసేస్తే, నలుసుల పని మందు పడుతుందన్నది లెక్క. బెల్జియం, నెదర్లాండ్స్‌ వైద్యులు మెల్ఫలాన్‌తో దీన్ని పరీక్షించారు. మార్పిడికి దానంగా వచ్చిన ఊపిరితిత్తులను శరీరం బయట కాపాడే పద్ధతికి పేరొందిన టొరంటో బృందం, అదే అనుభవంతో డాక్సోరుబిసిన్‌ను ప్రయత్నించింది.

వినడానికి ఎంతో సబబుగా ఉంది. కానీ ఈ ప్రయోగాలు జరిగింది కొద్దిమందిపైనే. అవి ప్రధానంగా తేల్చింది ఎంత మోతాదును ఊపిరితిత్తి తట్టుకుంటుందన్నదే. మోతాదు మించితే ఊపిరితిత్తికే గాయమవుతుంది. ఆయుష్షు పెరుగుతుందనడానికి పెద్ద ఎత్తున పోల్చి చూసిన రుజువు ఇంకా లేదు.

ఆ పోలిక ఎందుకంత ముఖ్యమో పెద్దపేగు క్యాన్సర్‌ విషయంలో ‘పల్మిక్‌’ ట్రయల్‌ చూపించింది. ఊపిరితిత్తుల్లోని గడ్డలు తీయకపోతే అయిదేళ్లు బతికేవారు దాదాపు ఉండరని అప్పటిదాకా అనుకునేవారు. తీయని వారిలోనూ సుమారు 10 మందిలో ముగ్గురు జీవించారు! చేరినవారు తక్కువ కాబట్టి అదే తుదితీర్పు కాదు. అయినా, సర్జరీకే ఇంత సందేహం ఉన్నప్పుడు దానికి జోడించే చికిత్సను ఇంకెంత గట్టిగా పరీక్షించాలి?

కాబట్టి ఎవరైనా దీన్ని సాధారణ చికిత్సలా చెబితే, ఖర్చు సంగతి తర్వాత. ముందు అది ట్రయలా అని అడగండి. ట్రయలే అయితే మనదేశంలో సీటీఆర్‌ఐ నమోదు సంఖ్య ఉండి తీరాలి. దాన్ని ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.