అంచుల్లోనే అసలు పరీక్ష

మన పాఠకులలో పలువురి ఇళ్లలో బీరువా పై అరలోనో, తోలు సంచిలోనో తండ్రిగారి కాలం నాటి కెమేరా ఒకటి భద్రంగా ఉంటుంది. దానితోపాటు ఒక వైడ్ యాంగిల్ లెన్సు కూడా ఉండవచ్చు. నేటి మిర్రర్‌లెస్ కెమేరాలకు చిన్న అడాప్టరు బిగిస్తే ఆ పాత లెన్సులు మళ్లీ పనిలోకి వస్తున్నాయి. అందుచేత "దీనిని ఉంచుకోవాలా, అమ్మివేయాలా? దీని నాణ్యతను ఎలా తెలుసుకోవడం?" అన్న ప్రశ్న మాకు తరచుగా ఎదురవుతోంది. ఈ మాసం ఆ ప్రశ్నకు సమాధానం చెప్పదలచాము. అయితే ముందుగా మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పుకోక తప్పదు.

చాలా ఏళ్ల క్రితం మా విభాగంలో ఒక ఉద్యోగి పదవీ విరమణ చేస్తున్న సందర్భంలో గ్రూపు ఫోటో తీసే బాధ్యత మాపై పడింది. షాపు ముందు స్థలం ఇరుకు. మనుషులను మూడు వరుసలుగా నిలిపితే ఒక్కొక్క వరుస ఆరు మీటర్లు వచ్చింది. మా వెనుక నాలుగు మీటర్ల దూరంలోనే గోడ. చేసేది లేక 24 మిల్లీమీటర్ల లెన్సు బిగించాము. సాయంత్రపు వెలుగు చాలనందున ఎపర్చరును పూర్తిగా, ఎఫ్ 2.8 వరకు తెరిచాము. కెమేరాలో ఉన్నది ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' నలుపు తెలుపు ఫిల్ము. 1960లో ఏర్పడి, ఇప్పుడు మూతపడిన ఆ సంస్థ కూడా మనవంటి ప్రభుత్వ రంగ సంస్థే. ఫిల్ములో లోపమేమీ లేదు.

వెనుక వరుసలో కుడివైపు చివర నిలుచున్నది ఒక ఖలాసీ. ప్రింటు వచ్చినప్పుడు మధ్యలో పూలదండతో ఉన్నవారిని, వారి పక్కనున్న అధికారులను చూసి అందరూ బాగుందన్నారు. అంచులవైపు మేము కూడా చూడలేదు. కొన్నేళ్లకు ఆ ఖలాసీ కన్నుమూశారు. ఆయన కుమారుడు ఆ ప్రింటు పట్టుకుని మా వద్దకు వచ్చి, "డ్యూటీ బట్టల్లో నాన్న నవ్వుతూ ఉన్న ఫోటో ఇదొక్కటే సార్. మొహం వరకు పెద్దది చేసి ఇస్తారా?" అని అడిగాడు. చేసి చూశాము. ముఖం పక్కకు సాగి ఉంది. కళ్లు, పెదవులు మసకలో కలిసిపోయి ఉన్నాయి. ఇవ్వలేకపోయాము. లెన్సు మంచిది కాదని చాలాకాలం దానినే నిందించాము. ఆ నింద సరైనది కాదని తరువాత తెలిసింది.

పాత వైడ్ యాంగిల్ లెన్సు తీసిన చిత్రంలో లోపం కనిపిస్తే దానికి మూడు మూలాలు ఉండవచ్చు. రూపకల్పనలోనే ఉన్న పరిమితి మొదటిది. వయసు తెచ్చిన జబ్బు రెండవది. వాడినవారి పొరపాటు మూడవది. ఈ మూడింటినీ విడదీయకుండా లెన్సుపై తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ముఖం ఎందుకు సాగింది?

మొదట మా పొరపాటు సంగతి చూద్దాం. 35 ఎం.ఎం. ఫిల్ముపై ఒక్కొక్క చిత్రం వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24 మిల్లీమీటర్లు. సరళ రేఖలను సరళంగానే చూపే ఏ లెన్సు అయినా, అది ఎంత నిర్దుష్టమైనదైనా, అంచున ఉన్న గుండ్రని వస్తువును కోడిగుడ్డు ఆకారంలోనే చిత్రిస్తుంది. కాంతి అక్కడ ఫిల్మును ఏటవాలుగా తాకడమే ఇందుకు కారణం. సాయంత్రం ఎండలో నీడ పొడవైనట్లే ఇది కూడా. లెక్క వేస్తే, చిత్రం ఎడమ, కుడి అంచుల వద్ద ఈ సాగుదల 50 మి.మీ. లెన్సుకు సుమారు 6 శాతం, 35 మి.మీ. లెన్సుకు 12 శాతం, 24 మి.మీ. లెన్సుకు 25 శాతం ఉంటుంది.

అంటే ఖలాసీ ముఖం నాలుగింట ఒక వంతు వెడల్పు పెరిగింది. ఇది లెన్సు లోపం కాదు, మేము నిలుచున్న దూరం ఫలితం. ఆరు మీటర్ల వరుసను 35 మి.మీ. లెన్సులో పట్టించాలంటే దాదాపు ఆరు మీటర్ల దూరం, 50 మి.మీ. లెన్సుకైతే ఎనిమిది మీటర్లకు పైగా దూరం కావాలి. ఆ స్థలం లేనప్పుడు మరొక ఉపాయం ఉండనే ఉంది. మూడు వరుసలను నాలుగు చేసి, ఒక్కొక్కదాన్ని నాలుగున్నర మీటర్లకు కుదించి ఉంటే, అదే లెన్సుతో, అదే దూరంనుంచి సాగుదల 15 శాతానికి తగ్గేది. ఒక బల్ల తెప్పించి ఉంటే సరిపోయేది.

రెండు కుటుంబాలు

ఇక మసక సంగతి. దీనిని అర్థం చేసుకోవాలంటే వైడ్ యాంగిల్ లెన్సులలోని రెండు కుటుంబాలను గుర్తించాలి.

మొదటిది సౌష్ఠవ కుటుంబం. మధ్యనున్న ఎపర్చరుకు ముందు, వెనుక దాదాపు ఒకే విధమైన కటకాల అమరిక ఉంటుంది. ముందు భాగం చేసిన వంపును, రంగుల చీలికను వెనుక భాగం సరిదిద్దుతుంది. లుడ్విగ్ బెర్టెలె రూపొందించగా 1954లో కాంటాక్స్ కెమేరాకు వచ్చిన జైస్ 21 మి.మీ. బయోగాన్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. భవనాల గీతలను ఇది చెక్కుచెదరకుండా చూపుతుంది. అయితే ఇటువంటి లెన్సు వెనుక కటకం ఫిల్ముకు చాలా దగ్గరగా ఉంటుంది. కాంతి అంచులకు బాగా ఏటవాలుగా చేరుతుంది కనుక మూలలు చీకటి పడతాయి. మధ్య రేఖనుంచి 45 డిగ్రీలు తొలగిన చోట, సూత్రం ప్రకారం మధ్యలో పడే వెలుగులో నాలుగో వంతు మాత్రమే పడుతుంది.

రెండవది ఎస్.ఎల్.ఆర్. కెమేరాల కోసం పుట్టిన కుటుంబం. ఆ కెమేరాలలో లెన్సుకు, ఫిల్ముకు నడుమ అద్దం ఊగడానికి చోటు కావాలి. నికాన్ ఎఫ్ కెమేరాలో లెన్సు బిగించే వలయానికి, ఫిల్ముకు మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు. 24 మి.మీ. లెన్సును అంత దూరాన ఉంచి పనిచేయించడానికి ముందు భాగంలో కాంతిని విప్పార్చే కటకాలను, వెనుక దానిని మళ్లీ కూడగట్టే కటకాలను అమర్చారు. ఫ్రాన్సులో పియర్ ఆంజెన్యూ 1950లో ఈ పద్ధతిలో తెచ్చిన 35 మి.మీ. లెన్సుకు పెట్టిన 'రెట్రోఫోకస్' అన్న పేరే తరువాత ఆ పద్ధతికంతకూ స్థిరపడింది. జర్మనీలోని యేనా నగరపు ఫ్లెక్టొగాన్ లెన్సులదీ ఇదే మార్గం. వీటిలో మూలల చీకటి కొంత తక్కువ. కాని సౌష్ఠవం పోయినందున గోడ అంచులు పీపాలాగా బయటికి ఉబ్బడం, మూలల్లో రంగు అంచులు కనిపించడం ఎక్కువ. పైగా దగ్గరి వస్తువులను చిత్రించేటప్పుడు అంచుల స్పష్టత మరింత పడిపోతుంది. 1967లో నికాన్ తన 24 మి.మీ., ఎఫ్ 2.8 లెన్సులో, ఫోకస్ మారినప్పుడు కటకాల మధ్య ఎడం కూడా మారే ఏర్పాటు చేసి ఈ చివరి చిక్కును చాలావరకు తగ్గించింది.

కనుక లెన్సు ఏ కుటుంబానిదో తెలుసుకున్న తరువాతనే దానినుంచి ఏమి ఆశించాలో నిర్ణయించాలి. ముఖ్యంగా సౌష్ఠవ లెన్సును డిజిటల్ కెమేరాకు బిగించినప్పుడు మూలల్లో ఊదారంగు ఛాయ, మసక కనిపించవచ్చు. సెన్సారు ముందున్న గాజుపలకను ఏటవాలు కిరణాలు దాటవలసి రావడమే అందుకు ముఖ్య కారణం. అదే లెన్సు ఫిల్ముపై చక్కని చిత్రం ఇవ్వగలదు.

వయసు తెచ్చే జబ్బులు

పూతలేని గాజు తలం ఒక్కొక్కటి తనపై పడిన వెలుగులో సుమారు 4 శాతం వెనుకకు తిప్పికొడుతుంది. అటువంటి తలాలు పది ఉంటే ఫిల్మును చేరేది మూడింట రెండు వంతులే. తిప్పికొట్టిన వెలుగులో కొంత లెన్సులోపలే తిరిగి, చిత్రంపై పలుచని తెర పరుస్తుంది. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా కనుగొన్న పూత దీనిని తగ్గించింది. 1971లో పెంటాక్స్ తకుమార్ లెన్సులకు బహుళ పూతలు వేయడంతో ఎండకు ఎదురుగా చిత్రాలు తీయడం సులువైంది. అంతకు ముందరి లెన్సు ఎండకు ఎదురుగా వెలవెలబోతే దానిని జబ్బుగా భావించరాదు. ఎండ తగలకుండా చేయి అడ్డం పెడితే చాలు.

నిజమైన జబ్బులను టార్చి వెలుగులో చూడాలి. ఎపర్చరు పూర్తిగా తెరిచి, ఒకవైపునుంచి టార్చి వేసి, మరొకవైపునుంచి ఏటవాలుగా పరికించాలి. సాలెగూడు పోగులవలె కనిపిస్తే బూజు. సముద్ర తీరపు పట్టణాలలోని పాఠకులు దీనిని మరీ జాగ్రత్తగా చూడాలి. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది కనుక లెన్సును అందులో దాచరాదు. మూత బిగువుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచాలి. లోపల పొగమంచులాంటి మసక ఉంటే చిత్రమంతా పాలిపోతుంది. అతికించిన కటకాల మధ్య ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే జిగురు ఊడుతోందని అర్థం. కొన్ని పాత లెన్సులలో థోరియం కలిపిన గాజు ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారుతుంది. అతినీలలోహిత కాంతిలో ఉంచితే అది చాలావరకు తగ్గుతుంది. ముందు కటకంపై ఒకటి రెండు సన్నని గీతలు ఉన్నంత మాత్రాన లెన్సును తోసిపుచ్చనక్కరలేదు. వెనుక కటకంపై మచ్చలు అంతకంటే ఎక్కువ హాని చేస్తాయి.

గోడ మీద పరీక్ష

ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఇది. చదునైన గోడపై వార్తాపత్రిక పుటలను మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు అంటించండి. కెమేరాను ట్రైపాడుపై బిగించండి. గోడ మధ్యలో చిన్న అద్దం ఆనించి, అందులో మీ లెన్సు ప్రతిబింబం సరిగ్గా చిత్రం మధ్యన కనిపించేలా సర్దితే కెమేరా గోడకు సూటిగా ఉన్నట్లు లెక్క. అద్దం తీసివేసి ఎఫ్ 2.8, 4, 5.6, 8, 11 వద్ద ఒక్కొక్క చిత్రం తీయండి.

నాలుగు మూలలూ సమానంగా మసకగా ఉండి, ఎఫ్ 8 వద్దకు వచ్చేసరికి తేటపడితే అది రూపకల్పనలోని పరిమితి. లెన్సు ఆరోగ్యంగానే ఉంది. ఒక్క మూల మాత్రమే చెడి, ఎఫ్ 8 వద్ద కూడా కోలుకోకపోతే అనుమానించాలి. అప్పుడు కెమేరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. మసక గోడపై అదే పుటను పట్టుకుని ఉంటే తప్పు మీ అమరికది. కెమేరాతోపాటు ఎదుటి మూలకు మారితే లోపల కటకం పక్కకు ఒరిగిందన్నమాట. కింద పడిన లెన్సులకు, విప్పి బిగించిన లెన్సులకు ఈ జబ్బు సాధారణం. ఏ కంప్యూటరూ దీనిని సరిదిద్దలేదు. గీతల వంపును, మూలల చీకటిని, రంగు అంచులను మాత్రం కంప్యూటరులో చాలావరకు సవరించవచ్చు.

మూలలోని పుటపై ఫోకస్ చేసి కూడా ఒక చిత్రం తీయండి. మూల తేటపడి మధ్య మసకబారితే లెన్సు ఫోకస్ చేసే తలం చదునుగా లేదని గ్రహించాలి. ఇదంతా అయిన తరువాత దూరపు భవనాలతో మరొకసారి పరీక్షించండి. దగ్గరి గోడపై తడబడిన లెన్సు దూరాన రాణించవచ్చు. రాత్రివేళ వీధిదీపాన్ని మూలలో ఉంచి తీస్తే, వెలుగు చుక్క రెక్కలు విప్పిన పక్షిలా మారుతుందేమో తెలుస్తుంది.

ఏ పరిమాణంలో చూడాలి?

నేటి కంప్యూటరు తెరపై చిత్రాన్ని నూరు శాతం పెద్దదిగా చూస్తే దాదాపు ప్రతి పాత లెన్సూ దోషిగానే కనిపిస్తుంది. మీరు వేయించే ప్రింటు పరిమాణంలో చూడడమే ధర్మం. అయితే గ్రూపు ఫోటో విషయం వేరు. ఆరు మీటర్ల వరుసలో పదిహేను సెంటీమీటర్ల ముఖం ఫిల్ముపై ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పన్నెండు అంగుళాల ప్రింటులో అది మన చిటికెన వేలి గోరంత. అంత చిన్న చోట స్పష్టత కొద్దిగా తగ్గినా మనిషిని గుర్తుపట్టడమే కష్టమవుతుంది.

ఆ పాత 24 మి.మీ. లెన్సును మేము ఈ విధంగానే గోడ ముందు నిలబెట్టాము. ఎఫ్ 2.8 వద్ద నాలుగు మూలలూ సమానంగా మసకబారాయి. ఎఫ్ 8 వద్ద పత్రికలోని చిన్న అక్షరాలు కూడా మూలల్లో చదవగలిగాము. ఆనాడు ట్రైపాడు వేసి, అందరినీ ఒక్క క్షణం కదలవద్దని కోరి, ఎఫ్ 8 వద్ద తీసి ఉంటే ఆ ముఖం దక్కేది. లెన్సును అమ్మలేదు, ఇప్పటికీ వాడుతున్నాము. గ్రూపు ఫోటో తీసేటప్పుడు వరుసకు రెండువైపులా ఖాళీ స్థలం వదులుతున్నాము. బటన్ నొక్కే ముందు చివరన నిలుచున్న ఇద్దరినీ చూసి, ఆ తరువాతనే మధ్యకు వస్తున్నాము.

ఆ నెగెటివు మా వద్దనే ఉంది. ఈనాటి కంప్యూటరు సాధనాలతో దానిలోని ముఖాన్ని తీర్చిదిద్ది ఇవ్వవచ్చని మిత్రులు అంటున్నారు. ముఖం సాగుదలను సవరించడం సాధ్యమే. కాని ఫిల్ము ఎక్కని కళ్లను, నవ్వును ఆ సాధనం ఊహించి గీస్తుంది. ఆ గీసినది ఖలాసీ కుమారునికి మీ నాన్నగారి ముఖమని చెప్పి ఇవ్వడానికి మాకు మనసొప్పలేదు.