బోద్రీకి చేరని బస్తర్ మొర

బిలాస్‌పూర్ అనగానే తెలుగువారికి స్ఫురించేది రైలు. రైల్వే కొలువుల కోసం తరలివెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ పట్టణంలో ఎన్నో ఉన్నాయి. ఆ పట్టణాన్ని ఆనుకొని ఉన్న బోద్రీలోనే ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కొలువై ఉన్నది. రాష్ట్రానికి దక్షిణపు కొసన, మన సరిహద్దుకు ఆవలనున్న కోంటా నుంచి ఆ న్యాయస్థానానికి వెళ్లాలంటే ఐదువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. కోంటా వాసికి బోద్రీ కన్నా హైదరాబాదే దగ్గర. బస్తర్ ఆదివాసీకీ న్యాయానికీ మధ్యనున్న దూరం మాత్రం కిలోమీటర్లతో కొలవదగినది కాదు.

2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కేగూడ వద్ద భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది మరణించారు. మృతులలో మైనర్లున్నారు. భీకర ఎదురుకాల్పుల్లో మావోయిస్టులు హతమయ్యారని నాడు ప్రకటించారు. విశ్రాంత న్యాయమూర్తి వి.కె. అగర్వాల్ ఏకసభ్య కమిషన్ ఏడేళ్లు విచారించి సమర్పించిన నివేదిక 2019 డిసెంబరులో శాసనసభ ముందుకు వచ్చింది. మృతులు మావోయిస్టులనడానికి ఆధారం లేదని, గ్రామస్థుల వైపు నుంచి కాల్పులే జరగలేదని, దళాలు భయాందోళనతో కాల్పులు జరిపి ఉండవచ్చునని కమిషన్ తేల్చింది. గాయపడిన జవాన్లకు తగిలినవి సహచరుల తూటాలే కావచ్చునన్నది. ఒకరిని మర్నాటి ఉదయం చంపినట్లు కూడా నిర్ధారించింది. రాత్రి జరిగిన దానికి భయాందోళనను కారణంగా చెప్పవచ్చు. తెల్లవారిన తర్వాత జరిగిన హత్యకు ఏ కారణం చెబుతారు?

2013 మే 17న ఎడెస్‌మెట్టలోనూ ఇదే జరిగింది. విత్తనాల పండుగకు గుమిగూడిన వారిపై కాల్పులు జరిగి ఎనిమిది మంది గ్రామస్థులు, ఒక జవాను మరణించారు. కాల్చినవి 44 తూటాలని, వాటిలో 18 మరణించిన జవాను తుపాకీ నుంచే వెలువడ్డాయని అదే కమిషన్ లెక్క తేల్చింది. ఆ నివేదిక 2022 మార్చిలో సభకు చేరింది. తూటాల లెక్క తేలింది గాని, ఈ రెండు ఘటనలలో దేనికీ శిక్ష పడిన దాఖలా లేదు.

ఈ దురంతాలకు నేపథ్యం 2005లో మొదలైన సల్వాజుడుం. గిరిజనులలో ఒక వర్గానికి ఆయుధాలిచ్చి మరొక వర్గంపైకి ఉసిగొల్పిన ప్రయోగమది. ఇది ఛత్తీస్‌గఢ్ పాలకుల సొంత ఆవిష్కరణ కాదు. టర్కీ ప్రభుత్వం 1985లోనే కుర్దు తిరుగుబాటును అణచడానికి కుర్దులనే ‘గ్రామ రక్షకులు’గా నియమించింది. ఒప్పుకున్న గ్రామానికి జీతం, తుపాకీ. ఒప్పుకోని గ్రామానికి అనుమానం, వేధింపు. 3,428 గ్రామాలు, పల్లెలు ఖాళీ అయ్యాయని ఆ దేశ పార్లమెంటు సంఘమే 1998లో తేల్చింది. గూడెం వదిలి శిబిరానికి వచ్చినవాడు మనవాడు, రానివాడు మావోయిస్టు అన్న బస్తర్ సూత్రం దీనికి నకలు వంటిదే. అక్కడ ఖాళీ అయిన ఊళ్లు ఆరువందలకు పైమాటేనన్నారు.

అయితే ఒక తేడా ఉన్నది. ఇళ్లు తగులబడిన కుర్దు గ్రామస్థులు ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. సొంత దేశపు కోర్టులన్నీ తిరిగి రమ్మని ఆ న్యాయస్థానం వారిని వెనక్కు పంపలేదు. అక్కడి పరిస్థితుల్లో ఆ మార్గం నిష్ఫలమని గ్రహించి, 1996 సెప్టెంబరులో టర్కీ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. బస్తర్ ఆదివాసీకి దేశం వెలుపల అటువంటి గడప లేదు. ఉన్నవి బోద్రీ, ఢిల్లీ మాత్రమే.

ఢిల్లీ ఒకసారి గట్టిగానే పలికింది. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం, అరకొర చదువు, నెలకు మూడు వేల రూపాయల భృతి గల గిరిజన యువకులను స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా పోరుకు దింపడం రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. నేరాలకు పాల్పడినవారిపై కేసులు పెట్టమన్నది. రాష్ట్ర ప్రభుత్వం చేసినదేమిటి? అదే సంవత్సరం కొత్త చట్టం తెచ్చి ఆ యువకులనే సహాయక సాయుధ పోలీసులుగా మార్చింది! తాడ్‌మెట్ల గ్రామ దహనంపై సి.బి.ఐ. 2016 అక్టోబరులో అభియోగపత్రం దాఖలు చేసినప్పుడు, బస్తర్‌లో యూనిఫారంలోని పోలీసులే హక్కుల కార్యకర్తల దిష్టిబొమ్మలు తగులబెట్టారు. సుప్రీంకోర్టు 2025 మేలో కోర్టు ధిక్కార పిటిషన్‌ను ముగిస్తూ చట్టం చేయడం ధిక్కారం కాదన్నది. న్యాయశాస్త్ర రీత్యా అది సరే కావచ్చు. కాలిన ఇంటి యజమానికి ఆ సూక్ష్మం బోధపడుతుందా?

అదే ఏడాది ఆగస్టులో, ఉపరాష్ట్రపతి అభ్యర్థిగా నిలిచిన సుదర్శన్‌రెడ్డిపై కేంద్ర హోంమంత్రి ధ్వజమెత్తి, ఆ తీర్పు లేకుంటే నక్సలిజం 2020 నాటికే అంతరించేదన్నారు. తీర్పు నక్సలిజాన్ని కాపాడలేదు. చదువు లేని గిరిజన కుర్రవాడిని తూటాకు ఎర వేయవద్దన్నది.

మావోయిస్టులు చేసిన దారుణాలను ఎవరూ దాచనవసరం లేదు. 2006లో ఎర్రబోరు శిబిరంలో నిద్రిస్తున్న గిరిజనులను వారు ఊచకోత కోశారు. 2010 ఏప్రిల్‌లో 76 మంది జవాన్లను పొట్టన పెట్టుకున్నారు. కానీ సాయుధ ముఠాను చట్టం శిక్షిస్తుంది. ప్రభుత్వం తప్పు చేస్తే శిక్షించవలసినదీ ఆ చట్టమే. 2017 నాటి బుర్కాపాల్ దాడి కేసులో 121 మంది ఆదివాసీలు ఐదేళ్లు జైల్లో మగ్గి 2022లో నిర్దోషులుగా బయటపడ్డారు. 25 మంది జవాన్లను చంపిందెవరో తేలనూ లేదు, పోయిన ఐదేళ్లు తిరిగి రానూ లేదు. శిబిరాలను శాంతియుతంగా వ్యతిరేకించిన మూలవాసీ బచావో మంచ్‌ను 2024 అక్టోబరులో నిషేధించారు. గిరిజనుడు తుపాకీ పట్టరాదు, సభ పెట్టరాదు. మరి గోడు ఎవరితో చెప్పుకోవాలి?

నాడు పారిపోయి వచ్చిన గుత్తికోయలు మన భద్రాద్రి, ములుగు అడవుల్లో తలదాచుకున్నారు. అక్కడ షెడ్యూల్డు తెగవారైన వీరికి తెలంగాణలో ఆ గుర్తింపు లేదు, పోడు పట్టాకు అర్హతా లేదు. 2017లో జలగలంచలో అటవీ సిబ్బంది వారి గుడిసెలు కూల్చారు. 2022 నవంబరులో ఒక అటవీ అధికారిని గుత్తికోయలు చంపడం ముమ్మాటికీ నేరం. అందుకు మొత్తం గూడేన్నే ఛత్తీస్‌గఢ్‌కు తరిమేయాలని పంచాయతీ తీర్మానించడం మాత్రం సల్వాజుడుం తర్కమే.

2025లో మావోయిస్టు అగ్రనేతలు కొందరు హతులయ్యారు, మరికొందరు ఆయుధాలు వదిలారు. అదే ఏడాది మేలో కుర్దుల పి.కె.కె. కూడా తనను తాను రద్దు చేసుకుంటున్నట్లు ప్రకటించింది. యుద్ధం సాగుతున్నదన్న సాకు ఇక చెల్లదు. అగర్వాల్ కమిషన్ నివేదికలు రెండూ బహిరంగ పత్రాలే. వాటిని సుమోటోగా స్వీకరించి, సార్కేగూడ, ఎడెస్‌మెట్ట కేసుల దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ప్రభుత్వం నుంచి రాబట్టే అధికారం బోద్రీలోని న్యాయస్థానానికి ఉన్నది. ఆ పని చేయడానికి సార్కేగూడ తల్లులు ఆరువందల కిలోమీటర్లు నడిచి రానక్కరలేదు.